పాము లేని పుట్ట

ఆ రోజు తెల్లవారుజాము నుంచి ముసురు. కద్మా నర్సరీలో రేకుల షెడ్డు కింద నలుగురు ఆడవాళ్లం కూర్చుని నల్ల సంచుల్లో మట్టి నింపుతున్నాం. వానలు ముదిరేలోగా వేప నారు, కానుగ నారు సంచుల్లోకి మార్చాలి. మట్టి తడిసి బంకలా ఉంది. ఇసుక కలిపితే గానీ సంచి అడుక్కి దిగడం లేదు. అన్నాలకి లేవబోతుండగా అత్త ఫోన్ చేసింది. "మీ మావయ్య పోనాడే," అంది. చేతులు కడుక్కుని, మేస్త్రీకి చెప్పి, ఆటో కోసం రోడ్డు మీదికి వచ్చాను. భాలుబాసాలో ఇంటికి చేరేసరికి అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. నా మొహం చూసి లేచింది. లోపలికి వెళ్లి ఉతికిన చీర కట్టుకుని వచ్చింది.

మావయ్య అంటే అమ్మకి సొంత తమ్ముడు. ఈ ఊరి జూలో ముప్ఫై ఏళ్లకి పైగా పనిచేశాడు. మొదట బోనులు కడిగే కూలీ, తరవాత పాముల గదిలో మనిషి, చివరికి ఆ గదికి పెద్ద. పెద్ద అంటే హోదా ఏమీ కాదు, తాళంచెవులు ఆయన దగ్గరుండేవి. రెండేళ్ల కిందట రిటైరయ్యాడు. పేపర్లో పడే మనిషి కాదు. ఆదివారాలు పిల్లల్ని తీసుకుని జూకి వెళ్లినవాళ్లలో కొందరికి, అద్దం మీద కొట్టవద్దని వారించిన పొట్టి మనిషిగా గుర్తుండవచ్చు. ఆయన గురించి నాకు తెలిసినవి రాస్తున్నాను. అందులో మా ఇంటి తప్పు ఒకటి ఉంది. అది వదిలేస్తే ఆయన గురించి రాసినట్టు కాదు.

మాది శ్రీకాకుళం వైపు. మావయ్య పద్దెనిమిదో ఏట కాంట్రాక్టు పనికని ఈ హిందీ ఊరికి వచ్చాడు. మా నాన్న పోయాక అమ్మనీ నన్నూ తీసుకొచ్చి భాలుబాసాలో అద్దెకి గది చూసి పెట్టింది ఆయనే. తను అత్తతో సిద్ధగోరాలో ఉండేవాడు. మా వైపు అక్కని అప్పా అంటారు. మావయ్య ఏ పని మొదలుపెట్టినా "అప్పని అడగాల" అనేవాడు. అడిగి, తనకి తోచిందే చేసేవాడు.

దీపావళి వెళ్లిన రెండో రోజు, కార్తీక విదియ నాడు, తోబుట్టువు చేతి అన్నం తినాలని ఆచారం. ఈ ఊళ్లో అందరూ ఏదో ఒక పేరుతో ఆ రోజు చేసుకుంటారు. మా ఇంట్లో దానికి పేరేమీ లేదు. మావయ్య వచ్చే రోజు, అంతే. డ్యూటీకి ముందే, పొద్దున్న ఆరున్నరకి, తడి తలతో వచ్చి పీట మీద కూర్చునేవాడు. అమ్మ అప్పటికే చేమదుంపల పులుసు, పెసరపప్పు చేసి ఉంచేది.

"ఉప్పు తగ్గినాదప్పా."

"రోజూ పాముల కాడ ఉంతావు. నీ నాలిక్కి ఏ రుసి తెలుత్తాది?"

"అందుకే నీ వంట తినగలుగుతన్నాను."

అమ్మ గరిటె ఎత్తేది. ఏటా ఇదే మాట, ఇదే గరిటె.

చిన్నప్పుడు నేను ఆయనతో జూకి వెళ్లేదాన్ని. అక్కడ నేను గమనించిన మొదటి సంగతి ఏమిటంటే, మావయ్య పాముల వైపు వీపు పెట్టి నిలబడేవాడు. మొహం జనం వైపు. పాముల్ని చూడవా అని అడిగితే, "అవి ఏటీ సెయ్యవే. సేసేవోలు ఇటేపు ఉన్నారు," అన్నాడు.

సాయంత్రం గేట్లు మూశాక బకెట్ పట్టుకుని ఒక చుట్టు తిరిగేవాడు. బోనుల్లో పడినవి ఏరేవాడు. చిప్స్ పాకెట్లు, గుట్కా పాకెట్లు, చంటిపిల్ల చెప్పు, మొక్కజొన్న బొండు, ఒకసారి కళ్లజోడు. జింక కడుపులోకి పోయిన ప్లాస్టిక్ సంచి బయటికి రాదని నాకు అప్పుడే చెప్పాడు. జనం మీద కోపంగా చెప్పలేదు. గడ్డి కోసేవాడు గడ్డి గురించి చెప్పినట్టు చెప్పాడు.

ఒక ఆదివారం ఒకాయన చేతి ఉంగరంతో నాగుపాము ఉన్న గది అద్దం మీద టకటకా కొడుతున్నాడు. పాము మూలకి చుట్టుకుపోయింది. ఆయన పిల్లలు నవ్వుతున్నారు. మావయ్య దగ్గరికి వెళ్లి, "భాయీసాబ్, ఇధర్ ఆయియే," అని మర్యాదగా పక్కనున్న ఖాళీ గది దగ్గరికి తీసుకెళ్లాడు. అద్దానికి చెవి ఆనించమన్నాడు. లోపల ఏదో శబ్దం వినిపిస్తుందనుకుని ఆయన ఆనించాడు. మావయ్య వెనక తలుపు తీసుకుని లోపలికి వెళ్లి, తాళంచెవితో అద్దం మీద ఒక్కటి కొట్టాడు. ఆయన ఎగిరి రెండడుగులు వెనక్కి పడ్డాడు.

"పాగల్ హో క్యా?" అని అరిచాడు, పిచ్చా నీకు అని.

"ఆప్ నే బీస్ బార్ మారా. మైనే ఏక్ బార్," అన్నాడు మావయ్య. మీరు ఇరవైసార్లు కొట్టారు, నేను ఒక్కసారే కదా అని.

ఆ పిల్లలు ఇంకా ఎక్కువ నవ్వారు. ఆయన ఆఫీసులో ఫిర్యాదు చేశాడు. మావయ్య తిట్లు తిన్నాడు. "తిట్టినోలది తప్పు కాదు. సందర్సకుడి చెవి కాడ కొట్టకూడదు," అన్నాడు నాతో. అయినా తరవాత కూడా ఒకరిద్దరి మీద అదే వైద్యం చేశాడని అత్త చెప్పింది.

పాములకి ఆయన పేర్లు పెట్టలేదు. మిగతా బోనుల దగ్గర పనివాళ్లు కోతికో ఎలుగుకో ముద్దుపేరు పెట్టుకుని పిలిచేవారు. బడిపిల్లలు వచ్చినప్పుడు మావయ్యని ఇదే అడిగేవారు.

"అంకుల్, ఇస్కా నామ్ క్యా హై?"

"నాగ్."

"వో నహీఁ, ఇస్కా అప్నా నామ్?" అది కాదు, దీని సొంత పేరు అని.

"ఇస్నే బతాయా నహీఁ," అనేవాడు. ఇది నాకింకా చెప్పలేదు అని.

ఎందుకు పెట్టవు మావయ్యా అని నేను అడిగాను. అప్పుడు చెప్పిన మాట ఇది: "పేరెడితే మనది అనుకుంతాం. మనది కాదు. ఎక్కడో తిరిగేదాన్ని తెచ్చి ఎట్టినాం, ఆ తప్పు మనదే. తెచ్చినాక దాని జోలికి పోకుండా ఉండడమే మన పని." ఆయన నోట నేను విన్న పెద్ద మాటలంటే ఇలాంటివి రెండో మూడో. అవి కూడా ఎవరైనా అడిగితేనే.

ఇక మా ఇంటి సంగతి.

మా పాపకి మూడో ఏట ఎడమ చెవి చీము కారడం మొదలైంది. చుక్కలు వేస్తే తగ్గేది, మళ్లీ వచ్చేది. చెవి బాధ వస్తే నాగేంద్రుడికి మొక్కుకోవడం మా వైపు అలవాటు. నాగులచవితి నాడు పుట్టలో పాలు పోసి, పుట్టమన్ను తీసి చెవులకి రాసుకుంటారు. అమ్మ మూడేళ్లు పాలు పోస్తానని మొక్కుకుంది. మొదటి రెండేళ్లు మా వీధి వెనక ఖాళీ జాగాలో ఉన్న పుట్టలోనే పోసింది. మా తెలుగు ఆడవాళ్లందరికీ అదొక్కటే పుట్ట. మూడో ఏడు వానలయ్యాక ఎవరో ఆ జాగా చదును చేసి ఇటుకలు దింపారు.

విదియ నాడు మావయ్య తింటుండగా అమ్మ ఆ మాట ఎత్తింది.

"ఒరే, ఈ ఏడు పుట్ట నేదురా."

"సూసినాను."

"నీ కాడ పాము ఉన్నాది కదా."

మావయ్య ముద్ద ఆపాడు. "ఉన్నాది. అయితే ఏటి?"

"ఏటేటి? గ్లాసుడు పాలు. నువ్వే పొయ్యి. నాను బయట నిలబడి దండం ఎట్టుకుంతాను."

"పాము పాలు తాగదప్పా."

"మరి మనూరి పుట్టలో పోసినవి ఎవుడు తాగినాడు? మన అయ్య తాగినాడేటి?"

"సీమలు తాగినాయి. మిగిలింది మట్టి తాగినాది."

"గుంట సెవి నీకు అలుసుగా ఉన్నాది."

"గుంటని పెద్ద డాక్టరు కాడికి తీసుకెల్దాం. రేపే వత్తాను. మొక్కంతావా, గుడిలో నాగరాయికి పొయ్యి."

"రాయికి పోత్తానని మొక్కలేదు నాను."

మావయ్య కంచంలో చెయ్యి కడుక్కున్నాడు. "జూకి మాత్రం తేవద్దప్పా," అన్నాడు. అమ్మ కంచం ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

చవితి నాడు భాలుబాసా నుంచీ సిద్ధగోరా నుంచీ పదిపదిహేనుమంది ఆడవాళ్లు పాలచెంబులు, నువ్వుల చిమ్మిలి ఉండలు పట్టుకుని జూకి వచ్చారు. అమ్మ ఒక్కతికే వచ్చిన ఆలోచన కాదది. పాముల గదిలో మనవాడే ఉన్నాడన్నది అందరి ధైర్యం. గేటు దగ్గర చెంబులన్నీ తీసి బల్ల మీద పెట్టించారు. అమ్మని మాత్రం ఎవరూ ఆపలేదు. పాముల బాబు అక్క అని గేటు మనిషికి తెలుసు. పైగా ఆమె చేతిలో ఏమీ లేదు. పాలు మా పాప మెడలో వేలాడుతున్న నీళ్ల సీసాలో ఉన్నాయి. ఆ సంగతి నాకు తెలుసు. సీసా మూత బిగించింది నేనే.

పాముల గది గుమ్మంలో మావయ్య నిలబడి ఉన్నాడు. ఆడవాళ్లంతా ఆయన్ని చుట్టుముట్టారు. "ఒక్క చుక్క బాబూ", "ఏడాదికోపాలి కదా బాబూ" అని ఒకటే గోల. ఆయన ఒక్కొక్కరికీ సమాధానం చెబుతున్నాడు. అమ్మ పాప చెయ్యి పట్టుకుని పక్కనుంచి లోపలికి వెళ్లింది. నేను వెనకే వెళ్లాను. ఆ గదులకి ఛాతీ ఎత్తు వరకే అద్దం, ఆ పైన గాలి కోసం ఇనుప వల. అమ్మ సీసా మూతి వలకి ఆనించి పాలు వంచింది. పసుపు, కుంకుమ వేసి కలిపిన పాలు. అద్దం వారన గిన్నె ఒకటి ఉంది. కొన్ని అందులో పడ్డాయి, కొన్ని పాము మీద పడ్డాయి. కాసేపటికి నాగుపాము కదిలి వచ్చి గిన్నెలో నోరు పెట్టింది.

"తాగినాడే! ఒలమ్మా, సూడే, తాగినాడు!" అని అమ్మ అరిచింది. చెయ్యెత్తి దండం పెట్టింది. బయటి ఆడవాళ్లంతా లోపలికి వచ్చి పడ్డారు.

మావయ్య కేకలు వెయ్యలేదు. వెనక తలుపు తీసి, కొక్కెం కర్రతో పాముని ఎత్తి పక్క గదిలోకి మార్చాడు. గిన్నె బయటికి తీశాడు. పాము పడగ మీద కుంకుమ తడిసి అంటుకుని ఉంది.

"ఎవులు?" అన్నాడు.

"నానే," అంది అమ్మ, ఇంకా సంతోషంగానే.

"అది దాని నీల గిన్నె అప్పా. నీలు తాగడానికి వచ్చినాది," అన్నాడు మావయ్య.

ఆ పాముకి అప్పటికే నోట్లో పుండు ఉంది. నెల నుంచి మందు నడుస్తోంది. ఐదో రోజున చచ్చిపోయింది. జూ డాక్టరు కోసి చూసి, పాలు పడి ఉండకపోతే బతికేదేమో, చెప్పలేం అన్నాడు. రిజిస్టరులో ఆ రోజు ఏం జరిగిందో మావయ్య రాసి ఉంచాడు. ఎవరు పోశారన్నచోట అమ్మ పేరు, పక్కన ఆమె తనకి అక్క అని కూడా. ఆఫీసులో అమ్మని కూర్చోబెట్టి డాక్టరు మర్యాదగానే మాట్లాడాడు. మళ్లీ చెయ్యనని కాయితం మీద వేలిముద్ర తీసుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. సీసా సంగతి నేనూ చెప్పాను.

అమ్మకి బాధ ఆఫీసు గురించి కాదు. నాగుపాముని చంపితే ఆ దోషం కడుపున పుట్టినవాళ్లకి తగులుతుందని మా వాళ్ల నమ్మకం. పాప చెవి కోసం చేసిన మొక్కు పాప మీదికే దోషమై వస్తుందేమోనని ఆమె భయం. పాము రోగంతో పోయిందనుకుంటే ఏ దోషమూ లేదు. కానీ తమ్ముడు తన పేరు రాసేశాడు. ఆ సాయంత్రం మావయ్య ఇంటికి వస్తే గుమ్మంలోనే ఆపింది.

"ఆ రాసింది కొట్టెయ్యరా."

"కొట్టీడానికి అవదప్పా."

"నీ సేతిరాతే కదా. ఎవులో పోసినారని రాయి. పదిమంది వచ్చినారు ఆ రోజు."

"పోసింది నువ్వు."

"పాము నా వల్ల పోనాదా? సెప్పు. నా కళ్లల్లోకి సూసి సెప్పు."

"నాకు తెల్దప్పా. జరిగింది రాసినాను. జరగంది ఏటీ రాయనేదు."

"అయితే విదియకి నా గడప తొక్కకు."

మావయ్య "సరే," అని సైకిలెక్కి వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు విదియ నాడు ఆరున్నరకి వచ్చాడు. గడప తొక్కలేదు. బయట నిలబడి, "అప్ప బాగున్నాదేటే?" అని నన్ను అడిగాడు. అమ్మ వంటింట్లో ఉంది. ఆమెకి వినిపిస్తుందని మా ఇద్దరికీ తెలుసు. నేను నీళ్లు ఇస్తే తాగి డ్యూటీకి వెళ్లాడు. అలా తొమ్మిదేళ్లు వచ్చాడు. ఒక్క ఏడు కూడా లోపలికి తొంగి చూడలేదు. అమ్మ ఒక్క ఏడు కూడా బయటికి రాలేదు. ఆ పూట వంట మాత్రం చేసేది. చేమదుంపల పులుసు చేసేది. అది మేం తినేవాళ్లం.

ఈ మధ్యలో జరిగినవి కొన్ని ఉన్నాయి. మావయ్యని ఏడాది పాటు పాముల గది నుంచి తీసి జింకల వైపు ఊడ్చే పనిలో వేశారు. గుమ్మంలో ఉండి కూడా సీసా చూడలేదని. ఆ సంగతి ఆయన మా ఇంట్లో చెప్పలేదు. అత్త చెప్పింది, అదీ చాలా కాలానికి. పాపని పెద్ద డాక్టరుకి చూపించాం. మావయ్యే తీసుకెళ్లాడు, నెలకోసారి చొప్పున ఏడాదిన్నర. చెవి తగ్గింది. దోషమేదీ తగల్లేదని నేను అంటే, "ఇంకా పెళ్లవ్వాల, పిల్లలు పుట్టాల," అనేది అమ్మ.

పాము పోయిన మరుసటి ఏడు చవితికి నెల ముందు మావయ్య నర్సరీకి వచ్చాడు.

"రెండు బత్తాల ఎర్రమట్టి కావాల. మీ మేస్త్రీ ఇత్తాడా?"

"ఏటికి మావయ్యా?"

"పుట్ట కడతాను."

పరాచికమనుకున్నాను. ఆయన నిజంగానే కట్టాడు. మా వీధి చివర గోడ వారన, రెండు సాయంత్రాలు కూర్చుని, ఎర్రమట్టిలో తరిగిన గడ్డి కలిపి, నడుమెత్తు పుట్ట లేపాడు. మూడు కన్నాలు పెట్టాడు. వీధిలో ఆడవాళ్లంతా చుట్టూ చేరి సలహాలిచ్చారు. కన్నం తూర్పుకి ఉండాలని ఒకరు, ఇంకొంచెం లావుగా ఉండాలని ఒకరు.

"పాము ఎప్పుడొత్తాది బాబూ ఇందులోకి?" అని ఒక ముసలామె అడిగింది.

"రాకూడదనే కడతన్నానమ్మా."

"పాము నేని పుట్టకి పాలేటి బాబూ?"

"నీకు పొయ్యాలని ఉన్నాది. పాముకి తాగాలని నేదు. ఇద్దరికీ సరిపోద్ది."

ఆమె నోరు నొక్కుకుని నవ్వింది. చవితి నాడు మొదటి చెంబు ఆమెదే. అప్పటి నుంచి ఏటా అందరూ అక్కడే పోస్తున్నారు. ఒక చెంచా చాలు, గుడ్డు వెయ్యొద్దు, కుక్కలు వస్తాయని మావయ్య ముందు రోజే ఇంటింటికీ చెప్పి వెళ్లేవాడు. ఆ రోజు డ్యూటీలో పాముల గది గుమ్మంలో నిలబడి, తెలియక జూకి వచ్చిన వాళ్లని "పుట్ట భాలుబాసాలో ఉన్నాదమ్మా, ఎల్లండి" అని తిప్పి పంపేవాడు. వానలకి పుట్ట కరిగేది. వానలయ్యాక మళ్లీ మట్టి మెత్తేవాడు. జూ బయట ఆయన చేసిన పని అదొక్కటే. దాని వల్ల జూలోపల చవితి నాడు పాలు పడలేదు.

అమ్మ ఆ పుట్ట దగ్గరికి వెళ్లలేదు. వీధి చివరికి వెళ్లాల్సి వస్తే అవతలి వైపు నుంచి నడిచేది. "మా తమ్ముడు బొమ్మరిల్లు కట్టినాడు," అనేది, ఎవరైనా అడిగితే.

రిటైరయ్యే రోజు జూలో చిన్న టీ ఇచ్చారు. నేను వెళ్లాను. మావయ్య తాళంచెవులు అప్పగించే ముందు పాత రిజిస్టరు తీసి ఆ పేజీ నాకు చూపించాడు. హిందీలో, లావు అక్షరాలతో ఉంది. ఇన్ని గంటలకి, ఫలానా, నా అక్క, సీసాతో పాలు పోసింది. సీసా చూడకపోవడం నా తప్పు. కింద వేరే తేదీతో, నాగు చచ్చిపోయింది. అంతే.

"సూసినావా? పోసింది అని రాసినాను. సంపింది అని రాయనేదు. అప్పకి సెప్పు," అన్నాడు.

ఇంటికి వచ్చి చెప్పాను. అమ్మ బియ్యం ఏరుతోంది. కొంతసేపటికి, "రెండూ ఒక కాయితం మీదే ఉన్నాయి కదే," అంది.

అందులోనూ అబద్ధం లేదు. మావయ్యకి ఆ మాట చేరవేయలేదు. ఆయన కూడా ఏమందని అడగలేదు.

ఈ వానాకాలం మొదట్లో ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ఆసుపత్రిలో చేర్చిన రోజు నేను వెళ్లి చూసి వచ్చి అమ్మకి చెప్పాను. ఆమె బయల్దేరలేదు. రెండో రోజూ బయల్దేరలేదు. మూడో రోజు నేను పని నుంచి మధ్యాహ్నమే వచ్చేసరికి వంటింట్లో కుక్కరు దిగి ఉంది. అన్నం మెత్తగా వండి, పెసరపప్పు కలిపి, కారియర్లో సర్దింది. "పద," అంది.

వార్డులో ఆరు మంచాలు. మావయ్యది కిటికీ పక్కది. మెలకువగానే ఉన్నాడు. అమ్మని చూశాడు. ఆమె మంచం పక్కన నిలబడింది. తొమ్మిదేళ్ల తరవాత ఎదురుగా చూడటం. ఇద్దరూ ముసలివాళ్లయ్యారు. ఆయన ఎడమ చెయ్యి కొంచెం ఎత్తి స్టూలు వైపు చూపించాడు. అమ్మ కూర్చుంది. కారియరు ఒళ్లో పెట్టుకుని మూత తీసింది. నెయ్యి వాసన వచ్చింది. చెంచాతో కొంచెం తీసి, మళ్లీ కారియర్లోనే పెట్టి, నర్సు కోసం చూసింది.

"సిస్టర్, థోడా ఖానా దేగా?" అంది, కొంచెం అన్నం పెట్టొచ్చా అని. తన హిందీ అంతే.

నర్సు చిన్న పిల్ల. "నహీఁ మాజీ. ముఁహ్ మేఁ కుఛ్ నహీఁ దేనా. పానీ భీ నహీఁ," అని చెప్పి అవతలి మంచం దగ్గరికి వెళ్లింది.

"ఏటంతన్నాది?"

"నోట్లో ఏటీ ఎట్టొద్దంట. నీలు కూడా వద్దంట."

"ఒక్క మెతుకు?"

"వద్దంటందమ్మా."

నర్సు అటు తిరిగి ఎవరికో సెలైన్ మారుస్తోంది. అత్త మందులకని కిందికి వెళ్లింది. మమ్మల్ని చూసేవాళ్లు ఎవరూ లేరు. మావయ్య చూపు కారియరు మీదే ఉంది. ఆకలో, మరేమిటో, నాకు తెలియదు. నోరు కొంచెం తెరిచాడు. అమ్మ చెంచా పట్టుకుని ఉంది. నేను ఆపాలా వద్దా అనుకుంటున్నాను. ఇదివరకు ఒకసారి ఆపాల్సినప్పుడు ఆపలేదు.

అమ్మ చెంచా కారియర్లో పెట్టేసింది. మూత వేసి, పైన గిన్నె పెట్టి, పక్క కొక్కాలు రెండూ బిగించింది.

"వద్దంటన్నారురా తమ్ముడా," అంది.

మావయ్య నోరు మూసుకున్నాడు. తరవాత ఎడమ చేతిని దుప్పటి మీద నుంచి ఆమె వైపు జరిపాడు. అమ్మ ఆ చేతి మీద చెయ్యి వేసి కూర్చుంది. గంటన్నర అలాగే గడిచింది. బయట వాన పెరిగి, తగ్గి, మళ్లీ పెరిగింది.

ఆరింటికి చూడటానికి వచ్చినవాళ్లు వెళ్లాలని గంట కొట్టారు. మిగతా మంచాల దగ్గర వాళ్లు ఎవరూ కదలలేదు. అమ్మ లేచి కారియరు తీసుకుని ఆరింటికే బయటికి వచ్చింది. మావయ్య మర్నాడు పదకొండుంబావుకి పోయాడు.